పన్నెండు వాటాల డబ్బా

కనిషాయ్‌కి ఒక అలవాటుంది. పని మధ్యలో ఎడమ చెయ్యి చాచి, బల్ల కింద ఉన్న కంప్యూటర్ డబ్బాకి ఆనించి చూస్తుంది. పదకొండు నెలల బెర్మెత్ నుదుటి మీద కూడా అలాగే ఆనిస్తుంది, రోజుకి ఎన్నిసార్లో లెక్కలేదు. వెచ్చగా ఉంటే సరే. కాస్త కాలినట్టనిపిస్తే చాలు, కంగారుపడిపోతుంది. పిల్లకైతే తడిగుడ్డ వేస్తుంది. కంప్యూటర్‌కి ఏం వెయ్యాలి? కిటికీ తెరుద్దామంటే ఫిబ్రవరి చలి లోపలికొచ్చి పిల్లకి జలుబు చేస్తుంది.

ఆ గురువారం పొద్దున్నుంచీ ఆ చెయ్యి ఒకచోట నిలవలేదు.

కనిషాయ్ కుట్టు వర్క్‌షాపుకి నమూనాలు గీస్తుంది. కోటుకి చెయ్యి ఎంత వెడల్పు ఉండాలి, చంక ఎంత లోతు తియ్యాలి, ఒక సైజు నుంచి ఇంకో సైజుకి ఎక్కడ ఎంత పెంచాలి, ఇదీ పని. తల్లి మంచాన పడితే తొమ్మిదో తరగతిలోనే బడి మానేసిన పిల్ల, పక్కింటామె దగ్గర ఈ విద్య నేర్చుకుంది. కిర్గిజ్ రాజధాని బిష్కెక్ ఉత్తరపు అంచున, మట్టి ఇటుకలతో ఎవరికి వాళ్ళు కట్టుకున్న ఆ కొత్త కాలనీలో, ఇంట్లోనే కూర్చుని సంపాదించే కోడళ్ళు తక్కువ. అందుకే ఆ పాత కంప్యూటర్‌ని చంటిపిల్లలా చూసుకుంటుంది.

సోమవారం వర్క్‌షాపు యజమానురాలు అసిల్కాన్ ఎజె, అంటే అసిల్కానక్క, ఫోన్ చేసింది. "ఇకనుంచి ఉత్త నమూనా చాలదమ్మా. కొనేవాళ్ళు కంప్యూటర్‌లో బొమ్మకి తొడిగి చూపించమంటున్నారు. బొమ్మ తిరగాలి, చెయ్యెత్తాలి, బట్ట ఎక్కడ పట్టేస్తోందో కనపడాలి. పిల్లల కోటు, ఐదు సైజులు, శుక్రవారం మధ్యాహ్నానికి అలా పంపావా, హాయిగా ఇంట్లోనే చేసుకో. పంపలేకపోయావా, సోమవారం నుంచి ఇక్కడికొచ్చి మిషను మీద కూర్చో. ఎనిమిదికి రావాలి, ఏడుకి పోవాలి. నిన్ను వదులుకోను గానీ, ఇంటి పని మాత్రం ఇవ్వలేను."

పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఏడు దాకా! బెర్మెత్ ఇంకా పాలు మానలేదు. ఈమధ్యే గోడ పట్టుకుని నిలబడుతోంది, నిలబడిందంటే చూపు పొయ్యి మీదే. అత్త బాత్మా అపాకి, అంటే బాత్మా అమ్మకి, మోకాళ్ళు పట్టేసి, కూర్చుంటే లేవడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాల్లో పిల్ల పొయ్యి దాకా పోతే? ఆ ఆలోచన వచ్చినప్పుడల్లా కనిషాయ్ చేతిలో ఉన్న పని ఆగిపోయేది.

బొమ్మకి బట్ట తొడిగి తిప్పాలంటే కంప్యూటర్‌లో గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. దానికి దారి భర్త బెక్తుర్ చూపించాడు. "అన్న దగ్గర పాతది పడుంది. గురువారం ఎలాగూ వస్తాడుగా, తెమ్మంటా."

అన్న పేరు తుర్దుబెక్. ఆ పేరు కనిషాయ్ నోట రాకూడదు, 'పెద్ద బైకే' అనాలి, పెద్దన్న అని. భర్త తరఫు పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలిచే కోడలు ఆ కాలనీలో లేదు. ఎదురుగా మాట్లాడటం కూడా అంతంతమాత్రమే, చెప్పాల్సిందేదో అత్తకి చెబితే అత్త ఆయనకి చెబుతుంది, ముగ్గురూ ఒకే గదిలో కూర్చున్నా సరే. మూడేళ్ళ కిందట తుర్దుబెక్ గొర్రెల కొట్టంలో ఆరు కార్డులు వరసగా పెట్టి బిట్‌కాయిన్ లాంటి కంప్యూటర్ నాణేలు తవ్వబోయాడు. నాణేల మాటేమో గానీ ఆ చలికాలం గొర్రెలు మాత్రం వెచ్చగా పడుకున్నాయి. ఆ సరంజామాలో మిగిలిన కార్డు ఇది.

కనిషాయ్ ఊరికే కూర్చోలేదు. మంగళవారం కంప్యూటర్ పక్క రేకు విప్పి, లోపల మూలనున్న, అన్నిటికీ కరెంటు పంచే పవర్ సప్లై డబ్బా మీది చీటీ మొత్తం నమూనా కాగితం వెనక ఎక్కించుకుంది. పైన పెద్ద అక్షరాల్లో నాలుగువందల యాభై వాట్లు. కింద చిన్న అక్షరాల్లో వరుసలు, మూడు చిల్లర వోల్టులకి ఇన్ని ఆంపియర్లు, ఐదు వోల్టులకి ఇన్ని, పన్నెండు వోల్టులకి పదహారు. కార్డుకీ ప్రాసెసర్‌కీ కూడు పెట్టేది ఆ పన్నెండు వరుసేనని ఫోన్‌లో చదివింది. పన్నెండు పదహార్లు నూట తొంభైరెండు. కార్డు నూట ఎనభై అయిదు తింటుంది, ప్రాసెసర్ తొంభై అయిదు. ఫ్యాన్లూ డిస్కూ ఇంకా పంక్తిలో కూర్చోనేలేదు. బడి మానేసినా గుణకారం మర్చిపోలేదు. నాలుగుసార్లు వేసింది, నాలుగుసార్లూ చాలలేదు.

"అన్నకి తెలీదా? ఆరు కార్డులు నడిపినవాడు," అని కొట్టిపారేశాడు బెక్తుర్.

బుధవారం అత్తతో కలిసి పాలకోసం తుర్దుబెక్ ఇంటికి వెళ్ళింది. తోడికోడలు జూరాకాన్ కొత్తగా తెచ్చిన ఇరవైరెండు కోడిపిల్లల్ని చూపిస్తానని కొట్టంలోకి తీసుకెళ్ళింది. పిల్లల మీద కారు దీపాలు నాలుగు వేలాడుతున్నాయి. వాటికి కరెంటు ఇస్తున్న డబ్బా గడ్డిలో కూర్చునుంది. దాన్ని ఎక్కడో చూసినట్టుందే అని కనిషాయ్ వంగింది. పవర్ సప్లై! కంప్యూటర్ లేకుండానే నడిచేలా దాని రెండు తీగలు కలిపి ముడేశాడు మహానుభావుడు. దుమ్ము తుడిచి చీటీ చూసింది. పన్నెండు వోల్టుల దగ్గర యాభై నాలుగు. పెదవులు కదుపుతూ గుణించుకుంది.

"కోడిపిల్లల కోసం దువా చేస్తున్నావా? మంచిదానివమ్మా," అంది జూరాకాన్.

కనిషాయ్ తలూపింది. ఇంటికొచ్చాక ఎవరితోనూ అనలేదు. బావగారి దగ్గర వస్తువు అడగడమా? అదీ తోడికోడలి పిల్లల మీది వెచ్చదనం లాగేసుకుని?

ఇప్పుడు గురువారం వచ్చింది, బెక్తుర్ పనికి వెళ్ళాడు. చనిపోయినవాళ్ళకి వాసన చేరాలని బాత్మా అపా ప్రతి గురువారం పిండి ముక్కలు, బోర్సోక్‌లు, నూనెలో వేయిస్తుంది. ఇల్లంతా నూనె వాసన. సరిగ్గా మొదటి వాయి పళ్ళెంలో పడేసరికి తుర్దుబెక్ గుమ్మంలో ఉన్నాడు, ఎప్పటిలాగే.

"వాసన చచ్చినవాళ్ళకంటే ముందు నీకే అందుతుందిరా," అంది తల్లి.

"వాళ్ళ తరఫున తినిపెట్టేవాడు ఒకడుండాలిగా అపా!" రెండు బోర్సోక్‌లు నోట్లో వేసుకుని, కోటు జేబులోంచి పొడుగాటి ఉన్ని మేజోడు తీశాడు. అందులోంచి కార్డు బయటపడింది. "ఇదిగో. మా కోడలమ్మ ఇక బొమ్మలకి బట్టలు తొడగొచ్చు."

కనిషాయ్ బెర్మెత్‌ని చంకనేసుకుని గోడకి ఆనుకుంది. "అపా, పెద్ద బైకేకి చెప్పండి... కంప్యూటర్‌లో ఉన్న పవర్ సప్లై దీనికి చాలదేమోనని."

"విన్నావుగా," అంది బాత్మా అపా గరిటె ఆపకుండా.

"నాలుగువందల యాభై అని అంతలావు రాసుందిగా అపా! కార్డు తినేది నూట ఎనభై చిల్లర. తిన్నాక సగం మిగుల్తుంది, మూట కట్టి ఇంటికి పంపొచ్చు."

మిగతా లెక్క కనిషాయ్ గొంతు దాకా వచ్చి ఆగింది. ఆరు కార్డులు నడిపినవాడు. పైగా ఊరికే ఇస్తున్నాడు.

తుర్దుబెక్ బల్ల కింద దూరి కార్డు బిగించాడు. దానికి కావలసిన మూతి తీగ ఈ పవర్ సప్లైకి లేదు. తను తెచ్చిన జోడింపు తీగతో, డిస్కులకిచ్చే రెండు తీగల్ని ఒకటిచేసి గుచ్చాడు. స్విచ్చి నొక్కాడు. తెర వెలిగింది. ముగ్గురూ దువా ముగించినట్టు అరచేతులు మొహం మీదుగా దించుకుని "ఓమిన్" అన్నారు. టీ పోశారు.

కనిషాయ్ కోటు నమూనా తెరిచింది. తెర మీద ఆరేళ్ళ పిల్లాడి బొమ్మ, ఒంటి మీద తను గీసిన కోటు. ఇదివరకు ఆ బొమ్మ చెయ్యెత్తడానికి టీ కాచుకుని తాగేంత సేపు పట్టేది. ఇప్పుడు నీళ్ళలో చేపలా తిరిగింది. చెయ్యి పైకి లేచింది, కోటు అంచు దానితో పాటే లేచింది, మెడ వెనక సన్న ముడత పడింది. తను వేళ్ళతో తప్ప ఎప్పుడూ చూడని ముడత! ఆమె మొహం విచ్చుకుంది. లెక్కే తప్పయిందేమో, మంచిదే, తప్పయితేనే మంచిది అనుకుంది.

మూడోసారి తిరుగుతూండగా టక్‌మంది. తెర నల్లబడింది. ఫ్యాన్ల చప్పుడు ఆగిపోయింది.

కనిషాయ్ గాలి పీల్చి చూసింది. కాలిన వాసన కంప్యూటర్‌దో బాణలిదో తెలియలేదు.

"ట్రాన్స్‌ఫార్మర్!" అన్నాడు తుర్దుబెక్ ఒక్క క్షణం ఆలోచించకుండా.

ఆ కాలనీలో అంతే. మూడొందల ఇళ్ళకి ఒక్క ట్రాన్స్‌ఫార్మర్, చలికాలం అది మూలుగుతూనే ఉంటుంది. అందుకని టీ ఆలస్యంగా కాగినా, ఫోన్ ఛార్జి ఎక్కకపోయినా, చివరికి పెళ్ళిలో మైకు గీపెట్టినా నింద దానిదే.

"నిరుడు నీ బండి మంచులో దిగబడింది కూడా ట్రాన్స్‌ఫార్మర్ వల్లేగా," అంది బాత్మా అపా.

తుర్దుబెక్ వినిపించుకోలేదు. ఫ్రిజ్ దగ్గరున్న స్టెబిలైజర్ మోసుకొచ్చి దాని వెనక కంప్యూటర్ తగిలించాడు. మళ్ళీ వెలిగింది, బొమ్మ మళ్ళీ తిరిగింది, మళ్ళీ టక్‌మంది. స్టెబిలైజర్ మీది ముల్లు మాత్రం రెండువందల ఇరవై దగ్గర చెక్కుచెదరకుండా నిలబడుంది. పైన దీపం రెప్ప కూడా వెయ్యలేదు.

"ఇంకొక్కసారి," అంటూ తుర్దుబెక్ బల్ల కింద దూరి స్విచ్చి వైపు చెయ్యి చాచాడు.

మూడేళ్ళ నమూనాలు ఆ డబ్బాలోనే ఉన్నాయి. పవర్ సప్లై పోతూ పోతూ పక్కనున్నవాటిని కూడా వెంట తీసుకుపోతుందని చదివింది.

"వద్దు!"

ఆ అరుపు తనదేనని కనిషాయ్‌కి కాసేపటికి గానీ తెలియలేదు. బెర్మెత్ ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది. తుర్దుబెక్ చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. బావగారి మీద కోడలు గొంతెత్తడం ఆ ఇంట్లో అదే మొదలు.

బాత్మా అపా గరిటె పక్కన పెట్టింది. కోప్పడుతుందనుకుంది కనిషాయ్. ఆవిడ చెయ్యి తుడుచుకుని, నెమ్మదిగా వచ్చి పరుపు మీద కూర్చుంది. "రెండ్రోజులుగా కాగితం మీద ఏదో గీస్తున్నావు. తీసుకురా. ఏముంది అందులో?"

కనిషాయ్ కింద కూర్చుని, పిల్లని ఒళ్ళోకి తీసుకుని కాగితం పరిచింది. కళ్ళు అత్త మీదే పెట్టింది, మాటలు బల్ల కింద మనిషికి. "అపా, పెద్ద బైకేకి చెప్పండి. పైన రాసిన నాలుగువందల యాభై అన్ని వరుసలకీ కలిపి చెప్పే లెక్క. కార్డు ఆ మొత్తంలోంచి తినలేదు. తినేది ఈ పన్నెండు వరుస ఒక్కటే. అందులో ఉన్నది నూట తొంభైరెండు."

"నాకర్థమయ్యేలా చెప్పు పిల్లా. ఈ పన్నెండేమిటి?"

బాత్మా అపాకి కంప్యూటర్ తెలీదు గానీ గొర్రె వాటాలు తెలుసు. చుట్టుపక్కల ఏ విందు జరిగినా, ఏ ఎముక ఎవరి ముందుకి వెళ్ళాలో అడగడానికి ఆవిడ దగ్గరికే వస్తారు. ఆ కాగితం మీదికి వంగి, తనే మొదలుపెట్టింది. "సంతలో గొర్రె కొంటే నలభై కిలోలంటాడు. నలభై కిలోలూ అతిథి ముందు పెడతామా? తోలుంది, డెక్కలున్నాయి, కడుపులో గడ్డుంది. అవన్నీ పోగా పెద్ద వాటాలు పన్నెండే. ఇదీ అంతేనా?"

కనిషాయ్ కళ్ళు మెరిశాయి. "అంతే అపా! మిగతా వరుసలు తోలూ డెక్కలూ. ఉన్నాయి గానీ ఈ అతిథి తినడు."

"అతిథికి ఎన్ని వాటాలు కావాలి?"

ఆమె వాటాకి పదహారు వాట్ల చొప్పున మనసులో భాగించింది. "పదకొండున్నర."

"ఒక్కడికే? వాడేం అతిథి, తోడేలు గాని! మరి ఇంట్లోవాళ్ళకి?"

"ప్రాసెసర్‌కి ఆరు. తక్కినవాళ్ళకి తలా కాస్త."

"పన్నెండు వాటాలు కోసి పద్దెనిమిది వాటాల జనాన్ని కూర్చోబెట్టావురా నువ్వు," అంది బాత్మా అపా కొడుకు వైపు తిరిగి. "తుంటి ఎముక వాటా, జంబాష్, పెట్టాల్సిన పెద్దమనిషి ముందు ఖాళీ పళ్ళెం పెడితే ఏం చేస్తాడు?"

బల్ల కింద ఫోన్ దీపం వెలిగింది. తుర్దుబెక్ చీటీ చదువుతున్నాడు, వరుసలతో సహా. చివరికి గొంతు సవరించుకున్నాడు.

"లేచిపోతాడు. లేచిపోయాడుగా, రెండుసార్లు."

బాత్మా అపా ముందు నవ్వింది. ఆపుకోలేక కనిషాయ్ పిల్ల వీపులో మొహం దాచుకుంది. తుర్దుబెక్ జుట్టునిండా దుమ్ముతో బయటికి వచ్చాడు. "కొట్టంలో నావి పెద్ద కరెంటు డబ్బాలు. చాలకపోవడం ఎరగను, చీటీ చదివే అవసరం రాలేదు. సరే, ఈ కార్డు తీసేస్తా. శనివారం బజారుకెళ్ళి డబ్బా ఏదైనా దొరుకుతుందేమో చూస్తా."

శనివారం! కనిషాయ్ నవ్వు అక్కడే ఆగింది. గడువు రేపు మధ్యాహ్నం. చెప్పడానికి అత్త వైపు తిరిగింది. అత్త అప్పటికే లేచే ప్రయత్నంలో ఉంది, ఒక చెయ్యి నేల మీద, ఒక చెయ్యి మోకాలి మీద. ఒకటి, రెండు, మూడు... కనిషాయ్‌కి తెలియకుండానే లెక్క సాగింది. ఆవిడ నడుం ఎత్తేలోపల బెర్మెత్ తన ఒళ్ళోంచి జారి, గోడ పట్టుకుని, పొయ్యి వైపు రెండడుగులు వేసేసింది. కనిషాయ్ ఒక్క ఉదుటున వెళ్ళి ఎత్తుకుంది.

పిల్లని గుండెకి హత్తుకుని, ఈసారి అత్తని చూడలేదు.

"బైకే," అంది. "మీ కోడిపిల్లల దగ్గరున్న డబ్బా ఇదే రకం. దాని పన్నెండు వరుసలో యాభై నాలుగుంది. చూశాను. మూడు గొర్రెల వాటాలకి పైనే. అది ఇస్తారా?"

తుర్దుబెక్ తల్లిని చూశాడు, మరదల్ని చూశాడు. తర్వాత నుదురు చరుచుకున్నాడు. "నా కొట్టంలోనే పెట్టుకుని! పది రోజులుగా దాని పక్కనే గడ్డి వేస్తున్నా!" అప్పుడు మొహంలో నీడ పడింది. "ఇస్తా గానీ... ఆవిడకి చెప్పాలి."

ఫోన్ కలిపాడు. జూరాకాన్ గొంతు చెవికి పెట్టుకోకుండానే గదంతా వినిపించింది. "ఏమిటీ? దీపాలు ఆర్పేసి పట్టుకుపోతావా? నా పిల్లలు చలికి బిగుసుకుపోతే నీ గడ్డం కింద పెట్టుకుని పొదుగుతావా?"

"గడ్డం లేదుగా నాకు."

"అదే నేననేది!"

బాత్మా అపా ఫోన్ లాక్కుంది. "పెద్దకోడలా, పిల్లల్ని కూడా ఇక్కడికే పంపించు. నా పొయ్యి పక్కన చోటుంది. దీపాల కంటే పొయ్యి నయం. వీడు ఇంకో డబ్బా కొనేదాకా ఇక్కడే ఉంటాయి. రోజూ వచ్చి చూసుకో, వచ్చినప్పుడు టీ తాగు."

"కనిషాయ్ దువా చేసిన పిల్లలే కదా, దాని దగ్గరే ఉండనివ్వండి," అంది జూరాకాన్. కనిషాయ్ చెవులు ఎర్రబడ్డాయి.

గంటలో తుర్దుబెక్ తిరిగొచ్చాడు, ఒక చంకలో పవర్ సప్లై, ఇంకో చంకలో బూట్ల పెట్టె. పెట్టె కిచకిచమంటోంది. ఈసారి పని తారుమారైంది. దీపం పట్టుకున్నది తుర్దుబెక్, బల్ల కింద కూర్చున్నది కనిషాయ్. ఆమె వేళ్ళు సన్నవి, మరలు అందుతాయి. గాలి రంధ్రాల్లో ఇరుక్కున్న గడ్డిపరకలూ ఈకలూ పాత బ్రష్షుతో దులిపింది. ముడేసిన రెండు తీగలూ విప్పింది. కార్డుకి కావలసిన మూతి తీగ ఈ డబ్బాకి దానికదే ఉంది. జోడింపు తీగ తీసి బావగారి చేతికిచ్చింది, ఆయన మేజోట్లో పెట్టుకున్నాడు.

స్విచ్చి ఆమే నొక్కింది. బొమ్మ తిరిగింది. మూడుసార్లు, పదిసార్లు, ఇరవైసార్లు. చెయ్యెత్తింది, వంగింది, మోకాళ్ళ మీద కూర్చుంది. తుర్దుబెక్ ప్రతిసారికీ ఒక బోర్సోక్ తిన్నాడు. పళ్ళెం ఖాళీ అయ్యాక లేచి, "కోడలు లెక్క కట్టాక నేను చీటీ చదువుతా ఇకనుంచి," అని తల్లితో చెప్పి వెళ్ళిపోయాడు. అది తనకి చెప్పిన మాటేనని కనిషాయ్‌కి తెలుసు.

పొద్దు వాలకముందే ఐదు సైజులూ పంపేసింది. అసిల్కాన్ ఎజె మాటలు రికార్డయి ఫోన్‌లో వచ్చాయి. "చూశాను. మూడో సైజు చంక దగ్గర పట్టేస్తోంది, సరిచేసి పంపు. తక్కినవి బాగున్నాయి. సోమవారం ఇంకో రెండు రకాల కోటు పని పంపిస్తా, ఇంటికే."

కనిషాయ్ ఆ ముక్క మళ్ళీ పెట్టుకుని విన్నది, చివరి మాట కోసం.

పొయ్యి పక్కన పెట్టెలో ఇరవైరెండు కోడిపిల్లలూ ఒకదాని మీదొకటి పడి నిద్రపోయాయి. బెర్మెత్ చూపు పొయ్యి మీంచి మళ్ళింది. పెట్టె అంచు పట్టుకుని నిలబడి వాటినే చూస్తోంది, మధ్యమధ్య ఒక వేలు లోపలికి దూర్చి వెనక్కి లాక్కుంటోంది. కనిషాయ్ పెట్టెని మూరెడు ఇవతలికి లాగి, పొయ్యికి అడ్డంగా స్టెబిలైజర్ నిలబెట్టింది. ఇంకేదైనా మర్చిపోయానా అని చుట్టూ చూసింది. తర్వాత మూడో సైజు తెరిచింది.

కాసేపటికి అలవాటుగా ఎడమ చెయ్యి బల్ల కిందికి వెళ్ళింది.

"జ్వరం ఉందా?" అంది బాత్మా అపా టీ పోస్తూ.

"లేదపా. వెచ్చగా ఉంది, అంతే."

చెయ్యి తీసి టీ అందుకుంది.